బిలాసపూరు కథాగానము – ఒక ఆంగ్ల వాగ్గేయకారుడు

బిలాసపూరు స్టేషనులో ఒక బండి దిగి మరొక బండి కొరకు ఆరు గంటలు కాచుకొనవలసివచ్చిన దంపతుల కథను రవీంద్రనాథ ఠాగూరు ఒక ఖండకావ్యముగా రచించెను. దాని పేరు ‘ఫాంకి’. తెలుగున ‘మోసము’ అనవచ్చును. 1918లో వెలువడిన ‘పలాతక’ సంపుటములోనిది. ఇరువదిమూడేండ్ల బిను రోగిష్ఠి. గాలి మార్పునకై భర్త ఆమెను తీసికొనిపోవుచుండును. స్టేషనులో రుక్మిణి యను కూలివాని భార్య ఆమెకు పరిచయమగును. కరవునకును జమీందారు బాధకును తాళలేక సొంత నేల విడిచి రైల్వే కూలికి వచ్చిన కుటుంబమది. కూతురి పెండ్లి నగలకు ఇరువదియైదు రూపాయలు కావలెను. ఆ సొమ్ము తప్పక ఇమ్మని బిను భర్తను కోరును. అతడు రుక్మిణిని చాటునకు పిలిచి, గద్దించి, రెండు రూపాయలు మాత్రము చేతిలో పెట్టి పంపివేయును; భార్యతో అంతయు ఇచ్చితినని నమ్మబలుకును. రెండు మాసములకు బిను మరణించును. ఆ రెండు మాసములను నీవు అమృతముతో నింపితివని ఆమె కృతజ్ఞతతో చెప్పి కన్నుమూయుటయే అతనికి ముల్లయి నాటుకొనును. అతడు మరల బిలాసపూరు వచ్చి రుక్మిణి కొరకు వెదకును. ఆమె ఎచ్చటికి పోయినదో ఎవరికిని నిశ్చయముగా తెలియదు. డార్జిలింగు అని ఒకరు, ఆరకాను అని మరియొకరు. ఋణము తీరదు.

ఈ కథను కరుణరసమునకై చదువువారు దాని నడకను అంతగా గమనింపరు. ‘పలాతక’లో ఠాగూరు వంగభాష వాడుక పలుకుబడిని, సమానము కాని పాదములలో, మాటలాడుకొను ఊపుతో నడిపెను. పద్యము చదువుటకు కూర్చున్నవాడు నాలుగు పంక్తులు దాటునప్పటికి తాను పద్యమును చదువుట మరచి, ఒక మనిషి చెప్పుకొనుచున్న నేరమును వినుచుండును. లయ మాత్రము ఒక్క క్షణమైనను విడువదు. కథను పాడవలెనా, చెప్పవలెనా అను సందేహమునకు ఆ మహాకవి ఇచ్చిన సమాధానమట్టిది.

ఆ సందేహము బిలాసపూరు ప్రాంతమునకు క్రొత్తది కాదు. ఇటీవల ఇంగ్లండునందు ఎడ్ షీరన్ అను గాయకుడు గిటారు మీటుచు పాడెడు నెమ్మది కథాగీతములను, హిప్‌హాప్ అనబడు వడివడి లయవచనమును ఒకే సంపుటమున కలిపి లోకప్రసిద్ధి నొందినపుడు పలువురు ఆ కలయికను వింతగా చెప్పుకొనిరి. ఆ వింత ఎంతవరకు వింతయో తేల్చుటకు లండను కంటె బిలాసపూరు అనువైన చోటు. కథ పాడుటలో పాటకును మాటకును గల పొత్తు ఇచ్చట నిన్నమొన్నటి వరకు పుస్తకముతో పని లేక నడచినది. తెలుగువారి ఇండ్లును ఇచ్చట తక్కువ లేవు.

అర్పా నది ఒడ్డున ఉన్న ఈ ఊరికి బిలాసా యను బెస్త స్త్రీ పేర ఆ నామము వచ్చినదని స్థానికుల నమ్మిక. ఊరి భాగ్యము మాత్రము రైలుతో మారెను. నాగపూరు నుండి రాజనందగావ్ వరకు 1880 దశకపు తొలినాళ్లలో వేసిన మీటరు గేజి దారిని, 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూరు రైల్వే కంపెనీ తన వశము చేసికొని, వెడల్పు చేసి, తూర్పునకు పొడిగించెను. 1891 నాటికి నాగపూరు నుండి ఆసన్‌సోల్ వరకు మార్గము పూర్తియయ్యెను. కట్నీ వైపు మరొక దారి చీలుటతో బిలాసపూరు జంక్షను అయినది. 1902లో వాల్తేరు నుండి కటకము మీదుగా పోవు తూర్పు కోస్తా మార్గము సహితము ఆ కంపెనీ చేతికే వచ్చెను. 1931లో విజయనగరము–రాయపూరు మార్గము పూర్తియగుటతో ఉత్తరాంధ్రకును ఛత్తీస్‌గఢ్ మైదానమునకును అడవి నడుమ నుండి సూటిదారి ఏర్పడెను. వాల్తేరు, ఖరగ్‌పూరు, టాటానగరు, బిలాసపూరు, నాగపూరు – ఇవన్నియు ఒకే కంపెనీ జీతపు పట్టీలోని ఊళ్లు. 1944లో కంపెనీ పోయి ప్రభుత్వము వచ్చెను. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడెను. 2003లో బిలాసపూరు స్వయముగా ఆగ్నేయ మధ్య రైల్వేకు ముఖ్యస్థానమయ్యెను.

శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్నము ప్రాంతముల నుండి జనము ఈ దారి వెంబడి పనికి పోయిరి. ఠాగూరు రుక్మిణిని తరిమిన కరవు వంటి కరవే వారిలో పెక్కుమందిని తరిమినది. కొందరు గ్యాంగుకూలీలు, కొందరు ఫైర్‌మెన్లు, కొందరు గుమాస్తాలు. రైల్వే వాడలో తెలుగు పలుకు నేటికిని వినబడును. సోలాపురి మాత పూజ వేసవిలో జరుగును. బిడ్డలు హిందీలో చదివిరి. ఇట్టి కుటుంబములలో మూడవ తరము వచ్చుసరికి లిపి జారిపోయి, మాట మిగిలి, ఆ మాటయు తరిగి తుదకు పాట మిగులుట సర్వసాధారణము. తెలుగు పుస్తకము చదువలేనివాడు తెలుగు సినిమాపాట తప్పు లేక పాడగలడు. దీనిని లోపమని చింతించువారు కలరు. అయినను ఆ స్థితి కథాగానము పుట్టిన స్థితికి మిక్కిలి దగ్గరది.

ఈ నేల మీది కథాగానములలో బిలాసపూరుకు ప్రత్యేకముగా చెందినది భర్తరీ. తెలుగు పాఠకునకు భర్తృహరి యనగా సుభాషితములు. ఏనుగు లక్ష్మణకవి పద్యములు. బడిలో కంఠస్థము చేసిన నీతి. ఆ భర్తృహరికి ఇల్లు లేదు, ఆలు లేదు, శ్లోకములు మాత్రము కలవు. ఛత్తీస్‌గఢ్ భర్తరీ వేరు. అతడు వేటలో లేడిని చంపి దాని ఉసురు తగిలిన రాజు. గోరఖనాథుని శిష్యుడై జోలె పట్టి, సొంత ఇంటి ముంగిట నిలిచి, తన రాణినే భిక్ష అడిగినవాడు. ఉత్తరదేశమున ఈ గాథను సారంగి పట్టిన జోగులు పాడుదురు. ఛత్తీస్‌గఢ్‌లో స్త్రీలు పాడుదురు. ఈ ఒక్క మార్పుతో గాథ అర్థమే మారిపోవును. జోగి పాడినపుడు అది వైరాగ్యకథ. స్త్రీ పాడినపుడు విడిచిపోయినవాని కథ. వినువారి చెవి రాణి వైపు ఒరుగును.

భర్తరీ పాడినవారిలో సురుజ్‌బాయి ఖాండే పేరు మొదట చెప్పవలెను. బిలాసపూరు ప్రాంతపు పల్లెలో 1949లో జన్మించి, చిన్ననాటనే మాతామహుని వద్ద ఈ గాథను చెవులారా విని నేర్చెను. బొగ్గుగనుల సంస్థలో చిన్న ఉద్యోగము చేయుచు జీవించెను. సోవియట్ దేశమున జరిగిన భారతోత్సవములో పాడి వచ్చెను. 2018 మార్చిలో మరణించెను. ఆమె గొంతు సన్నని గొంతు కాదు. పొలము గట్టు మీద నుండి అవతలి గట్టునకు పిలిచెడు గొంతు. ఒక చరణమును రాగముతో లాగి, తరువాతి ఘట్టమును గబగబ లయలో పలికి, మరల రాగమును అందుకొనెడు పద్ధతి ఆ గానమునకు ప్రాణము. కథ ముందుకు సాగవలసిన చోట పలుకు. మనసు ఆగవలసిన చోట పాట. ఇంతకు మించిన శాస్త్రము అందులో లేదు, కావలసినదియు లేదు.

పాండవానిలో ఈ పొత్తు ఇంకను స్పష్టము. కూర్చుండి శాంతముగా పాడుట వేదమతి పద్ధతి; ఝాడూరామ్ దేవాంగన్ అందు ప్రసిద్ధుడు. నిలిచి, నడచి, గర్జించి చెప్పుట కాపాలిక పద్ధతి. 2019లో పద్మవిభూషణ్ పొందిన తీజన్ బాయి ఈ రెండవ దానికి లోకమున పేరు తెచ్చెను. ఆమె చేతి తంబురా ఒక నిమిషము భీముని గద, మరొక నిమిషము అర్జునుని విల్లు. ప్రక్కన ‘రాగీ’ యను సహాయకుడు ఉండును. అతడు ఊకొట్టును, అడ్డుప్రశ్న వేయును, సభికుల సందేహమును తన నోట పలుకును. తెలుగువాడు ఇది చూచినచో వెంటనే బుర్రకథ తలచుకొనును. కథకునకు ఇరువైపుల రాజకీయపు వంత, హాస్యపు వంత. భుజము మీద తంబురా, వ్రేలికి అందె, కాలికి గజ్జె. షేక్ నాజర్ ‘పల్నాటి యుద్ధము’ చెప్పుచున్నపుడు పాట ఎచ్చట ఆగినది, వచనము ఎచ్చట మొదలైనది గుర్తింపవలెనని ప్రయత్నించినవారు కథ పోగొట్టుకొని ఉందురు. ఉత్తరాంధ్రమున, బిలాసపూరు రైల్వే కుటుంబములు వచ్చిన పల్లెలలో, జముకుల కథ కలదు. చర్మమునకు తగిలించిన నారిని మీటగా జముకు పలుకును. ఆ ఒక్క ధ్వని మీదనే రాత్రి తెల్లవారు వరకు కథ నడచును.

మన లక్షణకారులకు ఈ మధ్యస్థితి తెలియకపోలేదు. సంగీతశాస్త్రము పాటలోని మాటను మాతువనియు, స్వరమును ధాతువనియు చెప్పి, రెండును తానే కూర్చువానిని వాగ్గేయకారుడనినది. ఇంగ్లీషువారు పాటకట్టి పాడువాడని రెండు మాటలు అతికించి చెప్పుదానికి మనకు శార్ఙ్గదేవుని నాటి నుండి ఒకే మాట కలదు. ఆ మాటను అన్నమయ్యకు, త్యాగయ్యకు మాత్రమే దాచిపెట్టుట భక్తి కావచ్చును గాని శాస్త్రము కాదు. అంతకంటె ముఖ్యమైన మాట మరొకటి కలదు. సింహాచలేశుని కొలిచిన కృష్ణమాచార్యుని వచనములు పద్యములు కావు, పాటలు కావు, వట్టి గద్యమును కావు. తాళ్ళపాకవారి సంకీర్తనలక్షణము ఇట్టివానికి ‘తాళగంధి’ యని పేరు పెట్టెను. తాళము వేయకున్నను తాళపు వాసన విడువని వచనమని దాని భావము. న్యూయార్కు వీథులలో పుట్టినదానికి సింహాచలము కొండ క్రింద ఏనాడో ఒక పేరు సిద్ధముగా నున్నదనుట కొంత చిలిపి మాటయే. అయినను ఆ పేరు దీనికి చక్కగా అమరును.

పాటను మాట నుండి విడదీసినది అచ్చుయంత్రము. జె. ఎ. బాయిల్ 1874లో ‘ఇండియన్ ఆంటిక్వరీ’యందు తెలుగు వీరగాథలను గూర్చి వ్రాసినను, వెరియర్ ఎల్విన్ 1946లో ఛత్తీస్‌గఢ్ జానపదగేయములను పెద్ద గ్రంథముగా ప్రకటించినను, పాఠకుని చేతికి వచ్చినది అక్షరము మాత్రమే. ఎల్విన్ ఆ గేయములను ప్రేమతో ఇంగ్లీషు చేసెను. ఆ పుస్తకము లేకున్నచో ఎన్నియో పోయి ఉండెడివి. కాని గొంతు ఎచ్చట పాడినదో, ఎచ్చట పలికినదో పుట చెప్పలేదు. ఆ తరువాత వచ్చిన గ్రామఫోను రికార్డు మరొక విధముగా కత్తిరించెను. మూడు నాలుగు నిమిషములలో పల్లవి, చరణములు ఇముడును, కథ ఇమడదు. కథ పోయినచోట పలుకునకు పని లేదు.

బిలాసపూరు జిల్లా మస్తూరిలో 1949లో పుట్టిన లక్ష్మణ్ మస్తూరియా ఆ ఇరుకులోనే పని చేసిన వాగ్గేయకారుడు. 1971లో దుర్గ్ ప్రాంతపు బఘేరా గ్రామమున రామచంద్ర దేశ్‌ముఖ్ ‘చందైనీ గోందా’ అను రంగస్థల ప్రదర్శనమును నిర్మించినపుడు దాని పాటలలో ముఖ్యమైనవి ఈ యువకునివి. ఖుమాన్‌లాల్ సావ్ స్వరములు కూర్చెను. తనతో కలిసి నడువుడని పడినవారిని, అలసినవారిని పిలిచెడు అతని పాట ఛత్తీస్‌గఢ్ ప్రజల నోట దాదాపు రాష్ట్రగీతమయ్యెను. అతడు స్వయముగా పాడినపుడు పాట సగము ప్రసంగము వలె, సగము పిలుపు వలె ఉండెడిది. అది కథ చెప్పదు. కథలోని జనమును పేరుపెట్టక పిలుచును. 2018 నవంబరులో అతడు మరణించెను. సురుజ్‌బాయి పోయినదియు ఆ సంవత్సరమే. ఒకే సంవత్సరమున బిలాసపూరు నేల రెండు గొంతులను పోగొట్టుకొనెను.

ఇక ఆంగ్లేయుని సంగతి. ఎడ్ షీరన్ 1991లో హాలిఫాక్సున పుట్టి, సఫోక్ ప్రాంతమున ఫ్రామ్లింగ్‌హామ్ అను చిన్న ఊరిలో పెరిగెను. బాల్యమున అతనికి నత్తి. తొమ్మిదేండ్ల వయసున తండ్రి కొని ఇచ్చిన ఎమినెమ్ యొక్క రికార్డును అతడు పది నిండునప్పటికి అక్షరము తప్పక వల్లించెను. ఆ వడిలో, ఆ లయలో పలుకుట వలన నత్తి పోయినదని 2015లో నత్తి గలవారి సహాయార్థము న్యూయార్కున జరిగిన సభలో అతడే చెప్పెను. ఆ విధముగా లయవచనము అతనికి వినోదముగా కాక మాట దొరకు దారిగా వచ్చినది. అతని సంపుటములలో పాట ప్రక్కన వచనము ఎందుకు కూర్చున్నదని అడుగువారికి ఇంతకంటె మంచి సమాధానము లేదు.

ఆ వచనమునకు చరిత్ర కలదు. 1973 ఆగస్టులో న్యూయార్కు నగరపు బ్రాంక్స్ పేటలో, జమైకా నుండి వచ్చిన కూల్ హెర్క్ అను యువకుడు ఒక ఇంటి విందులో రికార్డులలోని డప్పు భాగమును మాత్రము మరల మరల త్రిప్పి వాయించెను. దాని మీద మాటలు కలిసెను. హిప్‌హాప్ పుట్టుకను ఆ రాత్రి నుండి లెక్కించుట వాడుక. ఇరువదవ శతాబ్ది ముగిసిన కొలది కాలమునకు తూర్పు లండనున నల్లజాతి యువకులు దానినే మరింత కరకుగా, వడిగా, ‘గ్రైమ్’ అను పేర నడిపిరి. షీరన్ వీరి వద్దకు పోయెను. 2011 జనవరిలో వెలువడిన అతని చిన్న సంపుటమున ప్రతి పాటకును ఒక గ్రైమ్ గాయకుడు జత. అప్పటికి అతనికి పెద్ద కంపెనీ అండ లేదు. పల్లెటూరి తెల్ల పిల్లవాడు గిటారుతో వచ్చి ఆ సభలో నిలుచుట సులభము కాదు, వారు నిలువనిచ్చిరి. ఈ మాట అతని కీర్తిని పొగడువారు తరచుగా మరతురు.

తరువాతి సంపుటముల పేర్లు చిన్నబడి లెక్కల పుస్తకమును తలపించును. 2011లో కూడిక గుర్తు, 2014లో హెచ్చవేత, 2017లో భాగహారము, 2021లో సమానము, 2023లో తీసివేత. కూడిక గుర్తు సంపుటములోని ‘ది ఏ టీమ్’ అతనిని లోకమునకు తెలిపినది. ఇల్లులేనివారి ఆశ్రయమున పాడుటకు పోయినపుడు కలిసిన ఒక స్త్రీని తలచి కట్టిన పాట అది. మాదకద్రవ్యమునకు బానిసయై, వీథినపడి, చలిలో నశించుచున్న ఆమె కథను ఎంత మెత్తని స్వరములో చెప్పెననగా, కోట్లకొలది జనము అది దేనిని గూర్చినదో తెలియకయే కూనిరాగము తీసిరి. ఇది ఆ పాట గొప్పతనమా, లోపమా? మెత్తదనము వలన ఆమె కథ లోకమంతట తిరిగినది. ఆ మెత్తదనము వలననే విన్నవాడు రెండు రూపాయలు ఇచ్చి పంపివేసినవాని వలె తేలికగా తప్పించుకొనును. ‘ఫాంకి’లోని భర్త తన మోసమును తానే చెప్పుకొనుట చేత కథ గుచ్చుకొనును. షీరన్ పాటలో చెప్పువాడు బయట నిలిచి జాలిపడును. అదే సంపుటమున లయవచనముతో నడచిన పాటలలో అతడు తన్ను గూర్చి, తనను కాదన్న వర్తకులను గూర్చి కోపముతో పలికెను. ఇతరుల కథకు పాట, తన కథకు పలుకు అని పంచుకొన్నట్లు కనబడును. సురుజ్‌బాయి గానములో ఈ పంపకము లేదు. రాణి దుఃఖమునకు రెండును చాలవలెను.

సభలో అతని పద్ధతి చూడదగినది. వెనుక వాద్యబృందము లేదు. కాలితో నొక్కెడు ఒక యంత్రము కలదు. పలికినదానిని పట్టి ఆగక మరల మరల వినిపించును. మొదట గిటారు చెక్కను అరచేత కొట్టి తాళము నిలుపును. దాని మీద తీగెల మీటు, దాని మీద తన గొంతుతోనే వంత, ఆ పైన పాట. 2015 జులైలో లండను వెంబ్లీ మైదానమున మూడు రాత్రులు, ఒక్కొక రాత్రి సుమారు 80 వేలమంది ఎదుట, అతడు ఒంటిగా ఇట్లు పాడెను. ఒక్క మనిషి కథకుడును, వంతలును తానే యగుట సామాన్య సామర్థ్యము కాదు. కాని పాండవాని రాగీ యంత్రము కాడు. కథకుడు అతిశయోక్తి పలికినచో ‘నిజమేనా?’ అని అడుగును, మరచినచో అందించును, నవ్వించును. యంత్రము ఒప్పుకొనుట మాత్రమే ఎరుగును. తన మాటకు తానే ఊకొట్టుకొను కథకునిలో ఒక ఒంటరితనము కలదు. షీరన్ పాటలలోని మంచివానికి ఆ ఒంటరితనమే రుచి. తక్కినవానికి అదే విసుగు.

హెచ్చవేత సంపుటము ఆ ఉభయ పద్ధతులను మరింత దగ్గరగా తెచ్చినది. భాగహారము వెలువడిన వారమున, 2017 మార్చిలో, అందలి 16 పాటలును బ్రిటిషు పట్టికలో మొదటి ఇరువదింటిలో చేరెను. పట్టికవారు దిగ్భ్రమ చెంది, ఒక గాయకుని పాటలు మూడింటికి మించి చేరకుండ నియమము మార్చుకొనవలసివచ్చెను. అమ్మకము మాట అటుంచినచో, ఆ సంపుటము వడి వచనముతో తెరచుకొని, ఐరిషు జానపద వాద్యముల నడుమ ‘నాన్సీ మల్లిగన్’ అను కథాగీతము వరకు పోవును. క్యాథలిక్ యువతికిని ప్రొటెస్టెంట్ యువకునికిని పెద్దలను కాదని జరిగిన పెండ్లి అందలి కథ. వారు షీరన్ అవ్వ, తాత. ఇంటి కథ కనుక పాటకు మరల కాళ్లు భూమికి తగిలినవి. లోకమంతయు గంతులు వేసిన ‘షేప్ ఆఫ్ యూ’లో మాట తాళమునకు దాసి, వినుటకు హాయి, తలచుకొనుటకు ఏమియు లేదు. 2019లో వచ్చిన మరొక సంపుటమున అతడు ఎమినెమ్ ప్రక్కన నిలిచి పలికెను. నత్తి పోగొట్టిన గొంతు, నత్తి పోయిన గొంతు ఒకే పాటలో వినబడెను. ఆ పాట గొప్పది కాకున్నను ఆ ఘటన చిన్నది కాదు.

కథాగానపు స్వరము ఎవరి సొత్తు అను ప్రశ్న అతనిని రెండుసార్లు న్యాయస్థానమునకు ఈడ్చెను. ‘షేప్ ఆఫ్ యూ’లోని ఒక పలుకు తమదని ఇరువురు వాదింపగా, 2022 ఏప్రిలులో లండను ఉన్నత న్యాయస్థానము అతడు కాపీ చేయలేదని తీర్పు చెప్పెను. ‘థింకింగ్ అవుట్ లౌడ్’ మార్విన్ గే పాట నుండి తీసికొన్నదని మరొక వ్యాజ్యము. 2023 మేలో న్యూయార్కు జ్యూరీ దానిని త్రోసివేసినది. ఆ విచారణలో అతడు సాక్షిస్థానమున గిటారు పట్టి, ఆ స్వరాల వరుస ఎన్ని పాటలకు మూలమో వాయించి చూపెను. బిలాసపూరు పల్లెలో భర్తరీ పాడు స్త్రీని ఈ వరుస నీదా అని అడిగినవారు లేరు. తాత ఇచ్చినది అని ఆమె చెప్పెడిది, తాతకు మరొకరు. జముకుల కథ వరుస ఎవరిదని శ్రీకాకుళమున వ్యాజ్యము నడువలేదు. సొమ్ము చేరిన తరువాత సొంతదారు పుట్టును. రుక్మిణికి రావలసిన ఇరువదియైదు రూపాయలకు మాత్రము వ్యాజ్యము వేసినవారు లేరు.

2025 ఆరంభమున షీరన్ మన దేశమున పుణె మొదలు ఢిల్లీ వరకు పాడుచు తిరిగెను. ఫిబ్రవరి 2వ తేదీన హైదరాబాదు రామోజీ ఫిల్మ్ సిటీలో సభ జరిగెను. అటు పిమ్మట బెంగుళూరు సభలో అతని ప్రక్కకు శిల్పారావు వచ్చి, ఇరువురును ‘దేవర’ చిత్రములోని ‘చుట్టమల్లే’ పాటను తెలుగులో పాడిరి. 2024లో వచ్చిన ఆ చిత్రమునకు అనిరుధ్ రవిచందర్ స్వరములు కూర్చెను. ఆ పాట రామజోగయ్య శాస్త్రి రచన. ఇంగ్లీషువాడు తెలుగు పలికెనని మన పత్రికలు సంతోషించినవి. ఆమె ఎచ్చటి నుండి వచ్చినదో గమనించినవారు తక్కువ. శిల్పారావు తెలుగు కుటుంబమున జంషెడ్‌పూరులో పుట్టి పెరిగినది. ఆ ఊరి స్టేషను టాటానగరు. బెంగాల్ నాగపూరు కంపెనీవారు వేసిన ఆ పట్టాల మీద, హౌరా నుండి పడమరకు పోవు బండి టాటానగరు దాటి, చక్రధర్‌పూరు, ఝార్సుగుడ, రాయగఢ్ దాటి, బిలాసపూరు చేరును.

తెలుగునాట పుట్టని తెలుగు గొంతు ముందు నడువగా, తెలుగు లిపి ఎరుగని ఆంగ్లేయుడు ఒక్కొక్క అక్షరమును పట్టుకొని ఆమె వెంట నడచెను. బిలాసపూరు రైల్వే వాడలోని పిల్లలు సహితము ఆ పాటను అట్లే, చెవితోనే నేర్చుకొందురు.